ట్రాక్ మీదికి వెళ్లే జీఆర్86కి ఏ ఆయిల్ పోయాలి?

ప్రశ్న: నేను డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాను. నిరుడు కొత్త టయోటా జీఆర్86 కొనుక్కున్నాను. రోజూ ఆఫీసుకు అందులోనే వెళ్తాను. కారుతో పాటు నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్ సభ్యత్వం, ట్రాక్ మీద డ్రైవింగ్ శిక్షణకు ఒక అవకాశం ఉచితంగా వచ్చాయి. జూన్‌లో క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌కు వెళ్లి ఆ శిక్షణ తీసుకోవాలని ఉంది. నా సందేహం ఆయిల్ గురించి. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంది. అంత పల్చటి ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళ్తే ఇంజన్ మిగలదని ఒక మిత్రుడు భయపెడుతున్నాడు. అతని పాత బిఎండబ్ల్యూ ఈ46 ఎం3కి 10డబ్ల్యూ-60 పోస్తాడు, నన్నూ అదే పోయమంటున్నాడు. గుంటూరులో చాలా ఏళ్లు లారీలు తిప్పిన మా మామయ్య ఫోనులో, "ఎండాకాలంలో 20డబ్ల్యూ-50 తప్ప ఇంకోటి పోయకురా" అన్నారు. డీలరేమో వేరే ఏది పోసినా వారంటీ పోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ముందు సూటిగా చెప్పేస్తాను. ఆఫీసుకు వెళ్లి రావడానికి 0డబ్ల్యూ-20నే ఉంచండి. ట్రాక్‌కు బయలుదేరే వారంలో దాన్ని తీయించి మంచి 5డబ్ల్యూ-30 పోయించండి. మీ మిత్రుడు చెప్పిన 10డబ్ల్యూ-60, మామయ్యగారు చెప్పిన 20డబ్ల్యూ-50, రెండూ మీ ఇంజన్‌కు వద్దు. అలాగని వాళ్లిద్దరూ తెలియక చెప్పారని అనుకోకండి. వాళ్ల ఇంజన్లకు వాళ్ల సలహాలు సరైనవే. మీ ఇంజన్ వేరు, అంతే.

ఏ గ్రేడ్ గొప్పది అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఈ చర్చ ఎప్పటికీ తెగదు. అడగవలసింది ఒక్కటే: నా ఇంజన్‌లో ఆయిల్ ఎంత వేడెక్కుతోంది? దీనికి జవాబు దొరికితే గ్రేడ్ దానంతట అదే తేలిపోతుంది.

డబ్బా మీద ఉండే రెండు అంకెల్లో డబ్ల్యూకు ముందున్నది చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 0డబ్ల్యూ రకాన్ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 దగ్గర, ఇంజన్ తిరగడానికి ఆయిల్ ఎంత అడ్డుపడుతుందో కొలిచి పరీక్షిస్తారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టిపోయినప్పుడు డల్లాస్ విమానాశ్రయం దగ్గర నమోదైనది మైనస్ 19. అంటే మీ ఊళ్లో ఈ మొదటి అంకె 0 అయినా 5 అయినా ఇబ్బంది లేదు. చలి బాగా ఎక్కువైన మినియాపోలిస్‌లో ఉండి ఈ ఉత్తరం రాసి ఉంటే దీని గురించి ఇంకాస్త మాట్లాడేవాణ్ని.

అసలు సంగతి రెండో అంకెలో ఉంది. ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు దాని స్నిగ్ధత, అంటే చిక్కదనం, ఎంతో అది చెబుతుంది. వాహన ఇంజనీర్ల సంఘమైన ఎస్ఏఈ ప్రమాణం ప్రకారం ఆ వేడి దగ్గర 20 గ్రేడ్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (స్నిగ్ధతను కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 మధ్య, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 మధ్య, 60 గ్రేడ్ 21.9కి పైన ఉండాలి. ఈ కొలతలన్నీ 100 డిగ్రీల దగ్గరివేనన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ట్రాక్ మీద మీ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఆగదు.

వేడెక్కే కొద్దీ ఏ ఆయిలైనా పల్చబడుతుంది. మార్కెట్లో దొరికే మామూలు సింథటిక్ ఆయిల్స్ కొలతలు తీసుకుని లెక్కవేస్తే ఇలా వస్తుంది. 0డబ్ల్యూ-20 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎనిమిదిన్నర సెంటీస్టోక్స్ దాకా ఉంటుంది. 120కి చేరేసరికి ఆరుకు, 130కి చేరేసరికి అయిదుకు దిగిపోతుంది. 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 దగ్గర పదిన్నర, 120 దగ్గర ఏడు, 130 దగ్గర ఆరు. 5డబ్ల్యూ-40 ఆయిల్ 100 దగ్గర పద్నాలుగు, 120 దగ్గర తొమ్మిదిన్నర, 130 దగ్గర ఎనిమిది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 100 డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-20 ఎంత చిక్కగా ఉందో, 110 డిగ్రీల దగ్గర 5డబ్ల్యూ-30 దాదాపు అంతే ఉంటుంది. 5డబ్ల్యూ-40 అయితే 125 దాటాక ఆ స్థాయికి వస్తుంది. మీ ఇంజన్‌లో తిరిగే షాఫ్ట్‌ను మోసే బేరింగులకు డబ్బా మీది అంకెతో పనిలేదు. ఆ క్షణంలో తమ దగ్గరికి వచ్చిన ఆయిల్ ఎంత చిక్కగా ఉందన్నదే వాటికి కావాలి. అందుకే ట్రాక్ మీద 5డబ్ల్యూ-30 పోస్తే మీరు ఇంజన్‌కు 'చిక్కటి ఆయిల్' పోసినట్లు కాదు. ఆఫీసు దారిలో అది రోజూ అనుభవించే చిక్కదనాన్నే ఆ వేడిలోనూ నిలబెట్టే ప్రయత్నం చేస్తున్నారు. ఈ ఒక్క ముక్క పట్టుబడితే మిగతాదంతా సులువు.

చిక్కదనం అంతగా ఎందుకు కావాలి? తిరుగుతున్న క్రాంక్ షాఫ్ట్‌కూ బేరింగ్‌కూ మధ్య లోహానికి లోహం తగలకూడదు. రోడ్డు మీద నిలిచిన వాన నీళ్లలోకి వేగంగా వెళ్లిన టైరు నేలను వదిలి నీటి మీద తేలిపోతుంది కదా, షాఫ్ట్ కూడా తన వేగంతోనే ఆయిల్‌ను ఇరుకులోకి లాక్కుని దాని మీద తేలుతుంది. ఆ పొర మందం మూడింటి మీద ఆధారపడుతుంది: ఇంజన్ వేగం, మోస్తున్న బరువు, ఆయిల్ స్నిగ్ధత. ఆయిల్ మరీ పల్చబడితే పొర సన్నబడి లోహాలు ఒరుసుకుంటాయి. మీ కారు 7,500 ఆర్పీఎం దాకా తిరిగే 2.4 లీటర్ల బాక్సర్ ఇంజన్. ఇరవై నిమిషాల సెషన్‌లో ఎక్కువ భాగం ఎర్ర గీతకు, అంటే ఇంజన్ వేగానికి పెట్టిన గరిష్ఠ హద్దుకు, దగ్గరలోనే ఉంటారు కాబట్టి వేడికి లోటుండదు.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో గానీ, కంపెనీ వెబ్‌సైట్‌లోని సాంకేతిక వివరాల పత్రంలో గానీ హెచ్.టి.హెచ్.ఎస్. అనే అంకె ఉంటుంది. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్‌లో ఉండేటంత కోత ఒత్తిడిలో (ఆయిల్ పొరలు ఒకదాని మీద ఒకటి వేగంగా జారేటప్పుడు కలిగే ఒత్తిడి) ఆయిల్ ఎంత స్నిగ్ధతను నిలుపుకుంటుందో కొలిచే అంకె అది. ట్రాక్ మీదికి వెళ్లేవారు గ్రేడ్ కన్నా ముందు చూడవలసింది దీన్నే అని నా నమ్మకం. 20 గ్రేడ్‌కు అది కనీసం 2.6 ఉండాలి, 30 గ్రేడ్‌కు 2.9, 0డబ్ల్యూ-40 లేదా 5డబ్ల్యూ-40కి 3.5. ఒకే 5డబ్ల్యూ-30 పేరుతో అమ్మే రెండు డబ్బాల్లో ఒకటి 3.0 దగ్గర, ఇంకొకటి 3.5 దగ్గర ఉండవచ్చు. యూరప్ కార్ల కంపెనీల సంఘం ప్రమాణాల్లో ఏసీఈఏ సీ3 అని రాసి ఉన్న 5డబ్ల్యూ-30 తీసుకుంటే 3.5కి తగ్గదు. పైగా వాటిలో బూడిద మిగిల్చే పదార్థాలు మితంగా ఉంటాయి కాబట్టి పొగను శుభ్రం చేసే మీ కాటలిటిక్ కన్వర్టర్‌కూ మంచిదే. అమెరికాలో ఇవి కూడా దొరుకుతాయి, కాస్త వెతకాలి. జూన్‌లో టెక్సాస్ ఎండలో శిక్షణ అంటున్నారు కాబట్టి నేనైతే ఇటువంటిదే పోస్తాను.

"మరి కంపెనీ వాళ్లు 0డబ్ల్యూ-20 అనే ఎందుకు రాశారు, వాళ్లకు తెలియదా?" అని మీకు అనిపించవచ్చు. వాళ్లకు బాగా తెలుసు. అమెరికాలో 1978 మోడళ్ల నుంచి కార్ల కంపెనీలు తాము అమ్మే బండ్ల సగటు ఇంధన పొదుపును ఒక స్థాయికి పైన ఉంచాలన్న నిబంధన అమల్లో ఉంది. పల్చటి ఆయిల్‌తో రాపిడి తగ్గి మైలేజీ కాస్త పెరుగుతుంది. పరీక్షలో ఆ లాభం పొందిన కంపెనీ, కొనేవారికి కూడా అదే గ్రేడ్ సిఫారసు చేయాలి. దీని అర్థం పల్చటి ఆయిల్ నాసిరకమని కాదు. మీ ఇంజన్‌ను ఆ ఆయిల్‌తో నడిచేలాగే తయారు చేశారు, రోడ్డు మీద దానితో లక్షల మైళ్లు తిరిగే బండ్లు ఎన్నో ఉన్నాయి. కానీ ఆ సిఫారసు వెనక ఇంజన్ రక్షణ ఒక్కటే లేదు, మైలేజీ కూడా ఉంది. ట్రాక్ మీద మైలేజీ ఎవరూ చూడరు.

ఈ విషయాన్ని టయోటాయే దాచకుండా చెబుతుంది. టయోటా మాన్యువల్స్‌లో ఆయిల్ పేజీ కింద తరచూ కనిపించే మాటలు రెండున్నాయి. 0డబ్ల్యూ-20 దొరకకపోతే 5డబ్ల్యూ-30 వాడవచ్చు, తర్వాతి మార్పులో మళ్లీ 0డబ్ల్యూ-20కి రావాలి అన్నది మొదటిది. అధిక వేగంతో గానీ తీవ్రమైన భారంతో గానీ నడిపేటప్పుడు ఎక్కువ స్నిగ్ధత ఉన్న ఆయిల్ మరింత అనుకూలం కావచ్చు అన్నది రెండోది. మీ పుస్తకంలో ఆ పేజీ తీసి, రెండు మాటలూ ఏ రూపంలో ఉన్నాయో కళ్లారా చదువుకోండి. డీలరుతో మాట్లాడేటప్పుడు ఆ పేజీ చేతిలో ఉంటే సంభాషణ తీరే మారుతుంది.

వేరే కంపెనీలు ఇంకా బాహాటంగా చెప్పాయి. షెవర్లే కొర్వెట్ సీ7కి మొదట్లో రోడ్డు మీదికి 5డబ్ల్యూ-30, ట్రాక్ మీదికి 15డబ్ల్యూ-50 అని మాన్యువల్‌లోనే రాశారు. 2019 మోడల్ వచ్చేసరికి రెంటికీ కలిపి 0డబ్ల్యూ-40 ఒక్కటే చాలన్నారు. ఫోర్డ్ అయితే మస్టాంగ్ జీటీకి 5డబ్ల్యూ-20 రాసి, అదే కుటుంబానికి చెందిన ఇంజన్‌తో ట్రాక్ కోసం తయారుచేసిన 2012 బాస్ 302కి 5డబ్ల్యూ-50 పోయమంది. పని మారితే ఆయిల్ మారుతుందని ఇంజన్ తయారుచేసిన వాళ్లే ఒప్పుకున్నారు.

ఇప్పుడు మీ మిత్రుడి ఎం3 సంగతి. ఈ46 ఎం3లోది 8,000 ఆర్పీఎం తిరిగే 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. తొలి సంవత్సరాల్లో కొన్ని కార్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు దెబ్బతినడంతో బిఎండబ్ల్యూ వాటిని మార్చే కార్యక్రమం చేపట్టింది. 10డబ్ల్యూ-60 ఆ ఇంజన్‌కు స్థిరపడిన గ్రేడ్. మీ మిత్రుడు అది పోయడంలో పొరపాటేమీ లేదు, మానేస్తేనే పొరపాటు. కానీ ఆ ఇంజన్ కథ ఆ ఇంజన్‌దే. కొన్నేళ్ల తర్వాత వచ్చిన టర్బో ఎం ఇంజన్లలో బిఎండబ్ల్యూయే అంతకన్నా పల్చటి గ్రేడ్లకు వచ్చేసింది. దాన్ని బట్టి '60 అంటే రేసు ఆయిల్' అని ఎవరైనా అంటే నమ్మకండి.

మామయ్యగారి మాటలో అనుభవం ఉంది. లారీ డీజిల్ ఇంజన్ తక్కువ వేగంతో, పెద్ద బరువుతో గంటల తరబడి లాగుతుంది. పాత ఇంజన్లలో అరిగిన భాగాల మధ్య సందులు పెద్దవి, పల్చటి ఆయిల్ పోస్తే పీడనం నిలవదు, పొగ కింద పోతుంది. అక్కడ చిక్కటి ఆయిల్ బండిని కాపాడింది. అయితే 'ఎండాకాలం' అన్న మాట దగ్గర మాత్రం ఆయనతో విభేదించాలి. గుంటూరు మే నెల ఎండైనా, డల్లాస్ ఆగస్టు ఎండైనా బయటి గాలి 40, 45 డిగ్రీలు. ఇంజన్‌లో నీటిని థర్మోస్టాట్ 90 ప్రాంతంలో పట్టి ఉంచుతుంది. కాబట్టి మామూలుగా నడిపేటప్పుడు బయట 25 ఉన్నా 42 ఉన్నా ఆయిల్ వేడిలో వచ్చే తేడా మనం ఊహించినంత ఉండదు. ఆయిల్‌ను నిజంగా కాల్చేది యాక్సిలరేటర్ మీద మీ పాదం. ఎండలో నిదానంగా వెళ్లే కారు కన్నా జనవరి చలిలో ట్రాక్ మీద తిరిగే కారులో ఆయిల్ ఎక్కువ వేడెక్కుతుంది. మామయ్యగారికి ఈ మాట ఇలాగే చెప్పండి. ఇంజన్లతో బతికిన మనిషి, వెంటనే పట్టుకుంటారు.

అంత చిక్కటిది పోస్తే నష్టమేమిటి, ఎక్కువ రక్షణే కదా అనుకోవచ్చు. నష్టం ఉంది. చిక్కటి ఆయిల్ తనలో తాను ఒరుసుకునే రాపిడి వల్ల తానే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఒక స్థాయి దాటాక పంపులో ఎక్కువైన పీడనాన్ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని, బేరింగులకు వెళ్లవలసిన ఆయిల్ వెనక్కి మళ్లుతుంది. గేజీలో పీడనం బాగా కనిపిస్తుంది, ప్రవాహం మాత్రం తగ్గుతుంది. బేరింగ్‌లోని వేడిని మోసుకుపోయేది ఆ ప్రవాహమే. పైగా మీ ఇంజన్‌లో వాల్వ్ టైమింగ్‌ను మార్చే యంత్రాంగం ఆయిల్ పీడనంతోనే పనిచేస్తుంది, సన్నని దారుల గుండా. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు 20డబ్ల్యూ-50 ఆ దారుల్లో ఎలా కదులుతుందో ఊహించుకోండి.

ఇక ట్రాక్ మీద మీరు చేయవలసింది. జీఆర్86 డిజిటల్ మీటర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఇంత ధరలో ఆ సౌకర్యం ఇచ్చినందుకు ఆ కారు చేసినవారిని మెచ్చుకోవాలి. అమెరికా కారు కాబట్టి ఫారన్‌హీట్‌లో ఉంటుంది. సెషన్ మొత్తంలో 250 దాటకపోతే, అంటే 121 సెల్సియస్ లోపు ఉంటే, 5డబ్ల్యూ-30 నిశ్చింతగా సరిపోతుంది. 250కీ 270కీ మధ్య స్థిరపడుతుంటే తర్వాతిసారి 0డబ్ల్యూ-40 లేదా 5డబ్ల్యూ-40 గురించి ఆలోచించండి. 270 దాటిందంటే ఆ ల్యాప్‌లోనే వేగం తగ్గించి, పై గేరులో ఒకటి రెండు చుట్లు నిదానంగా తిరిగి చల్లారనివ్వండి. ప్రతి సెషన్‌లోనూ 280 దాకా ఎగబాకుతుంటే అది ఆయిల్ మార్చి తీర్చగలిగే సమస్య కాదు. ఆయిల్ కూలర్ పెట్టించాలి. కూలర్ పెట్టవలసిన చోట చిక్కటి ఆయిల్ పోసి సరిపెట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే జబ్బు అలాగే ఉండి లక్షణం మాత్రమే కనిపించకుండా పోతుంది.

గ్రేడ్‌తో తీరని ఇంకో విషయం ఈ కారులో ఉంది. ఎక్కువసేపు సాగే కుడి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు నెట్టుకుపోయి పీడనం పడిపోతోందని ట్రాక్ మీదికి వెళ్లే యజమానులు చాలామంది గమనించారు. ఆయిల్ పికప్ గొట్టానికి అందకపోతే అది 20 అయినా 60 అయినా ఒకటే. మామూలు టైర్లతో, కొత్తగా నేర్చుకునేవారి వేగంతో మీకు ఆ తీవ్రత ఉండదు. అయినా ప్రతి సెషన్ ముందు కారును సమతలంగా ఉన్న చోట ఆపి, కాసేపాగి, డిప్‌స్టిక్ చూడండి. మట్టం పై గీత దగ్గర ఉండాలి. ఒక అర క్వార్టు (దాదాపు అర లీటరు) అదే ఆయిల్ డిక్కీలో వెంట ఉంచుకోండి. మరీ తప్పని పరిస్థితిలో ఇంట్లో ఉన్న 0డబ్ల్యూ-20 కలిపినా ఏమీ కాదు, తక్కువ ఆయిల్‌తో తిరగడం కన్నా అది ఎంతో మేలు. గేజీలో నీళ్ల వేడి మామూలుకు వచ్చినా ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. ఆయిల్ 180 ఫారన్‌హీట్ చేరేదాకా ఇంజన్‌ను గట్టిగా తిప్పకండి.

ట్రాక్ నుంచి వచ్చాక ఆ ఆయిల్‌ను ఎక్కువ కాలం ఉంచవద్దు. మీ ఇంజన్‌లో పెట్రోలు కొంత నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. అందులో కొంత గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పల్చబడుతుంది. దానికి తోడు స్నిగ్ధత నిలబెట్టడానికి కలిపే పాలిమర్లు ఆ కోత ఒత్తిడికి తెగిపోతాయి. 30గా వెళ్లినది 20గా తిరిగి రావడం ఆశ్చర్యం కాదు. పాత ఆయిల్ తీసేటప్పుడు కాస్త చిన్న సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపండి. 100 డిగ్రీల దగ్గర స్నిగ్ధత, కలిసిన పెట్రోలు శాతం, ఇనుము, రాగి, సీసం పాళ్లు చెబుతారు. రాగి, సీసం పెరిగితే బేరింగుల మీద దృష్టి పెట్టాలి. ఆయిల్‌లో కలిపే రకరకాల ద్రవాల సీసాలు దుకాణంలో వరసగా కనిపిస్తాయి. వాటి జోలికి పోకండి. రోడ్డు కోసం పోసే ఆయిల్ మీద ఏపీఐ ఎస్‌పీ, ఇల్సాక్ జీఎఫ్-6 అనే నాణ్యతా ముద్రలు గానీ ఆ తర్వాత వచ్చినవి గానీ ఉంటే చాలు, ఏ మంచి కంపెనీదైనా పరవాలేదు.

వారంటీ విషయంలో డీలరు మాట సగమే నిజం. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఫలానా కంపెనీ ఆయిల్, ఫలానా షాపు సర్వీసు మాత్రమే వాడాలని కట్టడి చేసి వారంటీ నిరాకరించడానికి వీల్లేదు. కానీ ఏ గ్రేడ్ పోయాలో మాన్యువల్ స్పష్టంగా చెప్పినప్పుడు, మీరు 10డబ్ల్యూ-60 పోసి ఇంజన్ పాడైతే వాదించడానికి వాళ్లకు మీరే ఆధారం ఇచ్చినట్లవుతుంది. మాన్యువల్‌లో పేరున్న 5డబ్ల్యూ-30 అయితే ఆ ఇబ్బంది చాలా తక్కువ. 40 గ్రేడ్‌కు వెళ్లే రోజు వస్తే ఇది కూడా బేరీజు వేసుకుని నిర్ణయించుకోండి. రేసుల్లో, పోటీల్లో కలిగిన నష్టం గురించి వారంటీ పుస్తకంలో ఏముందో ముందే చదవండి. మీరు వెళ్తున్నది శిక్షణకు, పోటీకి కాదు. నమోదు కాగితాల్లో అది స్పష్టంగా ఉండేలా చూసుకోండి. ఆయిల్, ఫిల్టర్ రసీదులను తేదీతో, మైలేజీతో సహా ఫోనులో ఫొటో తీసి ఉంచండి.

జూన్‌లో వెళ్లి వచ్చాక ఒక్కో సెషన్‌లో కనిపించిన గరిష్ఠ ఆయిల్ ఉష్ణోగ్రత, ఆ రోజు బయటి ఎండ, ప్రయోగశాల నివేదిక, ఈ మూడూ నాకు రాసి పంపండి. మీకు 40 గ్రేడ్ అవసరమా, కూలర్ అవసరమా, లేక ఉన్నదే చాలునా అన్నది అప్పుడు ఆ అంకెలు చూసి చెబుతాను.